గుల్ల రాయి

నాపరాయిని సుత్తితో తడితే రెండు రకాలుగా పలుకుతుంది. మంచి రాయైతే కంచు పళ్ళేనికి గరిటె తగిలినట్టు ఖంగుమంటుంది. లోపల మట్టి చార ఉన్న రాయైతే ఎండిన సొరకాయ బుర్రను కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. చూపుకు రెండూ ఒకటే నునుపు, ఒకటే రంగు. రెండోదాన్ని గుల్ల రాయి అంటారు. దాన్ని కాలవ మీద మూతగానో, గొడ్ల కొట్టంలో నేలకో వాడతారు గానీ గోడకు నిలబెట్టరు. నిలబెడితే పై అంచు నుంచి వాన నీళ్ళు ఆ చారలోకి దిగుతాయి. ఏటేటా కొంచెం కొంచెంగా లోపల ఉబ్బి, ఆరో వానాకాలానికో ఏడో వానాకాలానికో ముఖమంతా పెనం మీది రొట్టె పొర లేచినట్టు లేచి ఊడిపడుతుంది.

ఈ సంగతి తాళ్ళూరి నెహెమ్యాకు తెలిసినంతగా గురజాల చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అతనికి యాభై రెండేళ్ళు. నలభై ఏళ్ళుగా రాయి కొట్టి బతుకుతున్నాడు. మిషన్ బడిలో అయిదు చదివాడు గనక రాళ్ళు కొట్టేవాళ్ళలో అక్షరం చెక్కగలిగినవాడు అతనొక్కడే. కోమట్ల సత్రం గడప మీది పేర్లూ, పాలెంలో చర్చి పునాదిరాయీ, చచ్చినవాళ్ళ సమాధుల మీది వాక్యాలూ అన్నీ అతని చేతివే. మాటలు తక్కువ మనిషి. పాలెంలో వాళ్ళు అతన్ని పలకరించి, జవాబు కోసం ఆగకుండా నడిచిపోవడం అలవాటు చేసుకున్నారు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు బోడిగుట్ట మీద బురుజు లేవడం మొదలైంది. పల్నాటి ఊళ్ళ నుంచి పోయినవాళ్ళతో సర్కారు ఒక పటాలం కట్టింది. ఆ పటాలం బర్మా అడవుల్లో బాటలు వేసింది, వంతెనలు మోసింది. యుద్ధం అయిపోయాక వచ్చినవాళ్ళు వచ్చారు. రానివాళ్ళ పేరు మీద ఒక బురుజు కట్టాలని పెద్దలు కమిటీ వేసుకున్నారు. రానివాళ్ళు కమిటీ లెక్కలో ఇరవైముగ్గురు. నెహెమ్యా లెక్కలో ఇరవైనలుగురు.

ఆ ఇరవైనాలుగోవాడు అతని ఒక్కగానొక్క కొడుకు ఇశ్రాయేలు. నలభై నాలుగులో ఇంఫాల్ దారిలోని ఆస్పత్రిలో జ్వరంతో పోయాడు. పటాలం నుంచి వచ్చిన కాగితం పాదిరిగారు చదివి చెప్పారు. కోడలు కృపమ్మ ఆ కాగితాన్ని రేకుపెట్టెలో, పెళ్ళి చీర మడతలో దాచుకుంది.

కమిటీ కార్యదర్శి వెంకటకృష్ణయ్య శెట్టికి గురజాల బజారులో ఇనుప సామాన్ల కొట్టుంది. బురుజు కట్టించే పనీ ఆయనదే, పేర్ల జాబితా రాసిందీ ఆయనే. యుద్ధంలో నెత్తురు చిందించినవాళ్ళ పేర్లే చెక్కించాలని ఆయన తీర్మానం చేయించాడు. జాబితాలో మొదటి పేరు ఆయన మేనల్లుడు సుబ్బారావుది. సుబ్బారావు పటాలంలో స్టోరు హవల్దారు. ఉప్పు బస్తాల లారీ లోయలో పడితే పోయాడు.

నెహెమ్యా ఒక్కసారే వెళ్ళి అడిగాడు. కొట్టు మెట్ల కింద నిలబడి, తలగుడ్డ చంకలో పెట్టుకుని, తన కొడుకు పేరు లేదేమని అడిగాడు. కొట్లో అప్పుడు నలుగురు కూర్చుని ఉన్నారు.

"జ్వరమొచ్చి చచ్చినోడు వీరుడెట్టా అవుతాడ్రా? ఆ లెక్కన పోయినేడు మశూచికంలో పోయిన నా పాలేరు పేరు గూడా చెక్కాల," అన్నాడు వెంకటకృష్ణయ్య.

నలుగురూ నవ్వారు. నెహెమ్యా నవ్వు ఆగేదాకా ఉండి, "సుబ్బారావుగారు లారీలో పోయారంట గదయ్యా," అన్నాడు.

వెంకటకృష్ణయ్య చాలా నెమ్మదిగా, "ఒరేయ్, ఆ ఉలి నీ చేతిలో ఉండాలనుందా లేదా?" అన్నాడు.

నెహెమ్యా తలగుడ్డ చుట్టుకుని వచ్చేశాడు. మళ్ళీ అడగలేదు.

బురుజు అడుగున నాలుగు వైపులా నాలుగు రాతి పలకలు. పడమటి పలక మీద ఇంగ్లీషులో రాజుగారి పేరూ పటాలం పేరూ. ఉత్తరాన, దక్షిణాన ఎనిమిదేసి పేర్లు. పాలెం పిల్లల పేర్లన్నీ ఉత్తరం వైపు, ఎండ పొడ తగలని చోట వచ్చాయి. తూర్పు పలక మాచర్ల బాటకు ఎదురుగా ఉంటుంది. బండి మీద పోయేవాడు తల ఎత్తితే కనపడేది అదే. దాని మీద ఏడు పేర్లు, ఏడూ కమిటీవాళ్ళ బంధువర్గానివి. అడుగున పూలచెండు బొమ్మకు జాగా.

మూడు పలకలు బిగించాక నాలుగోదాని కోసం నెహెమ్యా నడికూడి వైపు క్వారీకి వెళ్ళాడు. అక్కడ మేస్త్రీ జిలానీ. ఇశ్రాయేలు ఈడువాడే. నెహెమ్యా వరసగా ఆరు పలకలు తట్టి చూశాడు. అయిదు ఖంగుమన్నాయి. ఆరోది పై అంచు దగ్గర మొద్దుగా పలికింది. నెహెమ్యా దాని ముందు గొంతుక్కూర్చుని మళ్ళీ తట్టాడు. అంచు వెంబడి జానెడు మేర గుల్ల. ముఖానికి వేలి మందం లోపల చార ఉన్నట్టుంది. కంటికేమీ కనపడదు. నీలం మీద బూడిద రంగు, చేత్తో నిమిరితే గాజులా ఉంది. అంత నునుపు రాయి క్వారీలో మరొకటి లేదు.

"అది గుల్ల, బాబాయ్. కాలవ మీదకని పక్కన పెట్టా," అన్నాడు జిలానీ.

"విన్నా."

"మరి?"

"బండికెత్తించు."

జిలానీ అతని ముఖంలోకి చూశాడు. ఏ పక్కకని అడిగాడు. తూర్పు పక్కకని నెహెమ్యా చెప్పాడు. తూర్పు పక్క ఎవరి పేర్లు వస్తాయో జిలానీకి తెలుసు. ఇంకేమీ అడగకుండా కూలీలను పిలిచి మోకులు తెమ్మన్నాడు.

ఆ పలక మీద నెహెమ్యా చెక్కినట్టు జీవితంలో ఎన్నడూ చెక్కలేదు. గుల్ల రాయి మీద ఉలి లోతుగా దిగితే పొర అప్పుడే లేస్తుంది. కాబట్టి దెబ్బకు దెబ్బకు చెవి పెట్టి వింటూ, పక్షి గింజ ఏరుకున్నట్టు పొడుచుకుంటూ పోయాడు. సుబ్బారావు పేరులోని రా గుండ్రం నిండు చందమామలా వచ్చింది. వెంకటకృష్ణయ్య వచ్చి చూసి, మిగతా మూడింటికన్నా ఇదే బాగుందని కమిటీవాళ్ళతో చెప్పుకున్నాడు. నెహెమ్యా పలక బిగించి పై అంచు వెంబడి సున్నం పూయకుండా వదిలేశాడు. వేలెడు సందు. కింద నిలబడ్డవాళ్ళకు కనపడదు. ఆరు వానలు, ఏడు వానలు. తను బతికుంటే చూస్తాడు. లేకపోయినా ఊడుతుంది.

ఇంట్లో కృపమ్మ అతనితో మాట మానేసింది. ఆమె కూడా గుట్ట మీదే పనిచేస్తుంది, ఇసక మోస్తుంది. మామ రెండోసారి వెళ్ళి అడగలేదని ఆమె కోపం. ఒకరోజు సంగటి ముందు పెట్టి, "అందరి పేర్లూ చెక్కావు. నీ కొడుకు పేరు చెక్కడం నీకు చేతగాలా," అంది. నెహెమ్యా సంగటి తిన్నాడు. తూర్పు రాయి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె ఇసక తట్టల దగ్గర ఎవరితోనన్నా అంటుందని మింగేశాడు. ఆ మౌనానికి ఆమె ఇంకో అర్థం చెప్పుకుంది. మర్నాడు పనికి రాలేదు. రేకుపెట్టెలోంచి కాగితం తీసుకుని రైలెక్కి గుంటూరు వెళ్ళిందని సాయంత్రానికి పాలెమంతా తెలిసింది.

గుంటూరులో సిపాయిల వ్యవహారాలు చూసే మిలిటరీ అధికారి ఉన్నాడు. ఆమె రెండు రోజులు ఆ ఆఫీసు గేటు దగ్గర నిలబడింది. మూడో రోజు లోపలికి పిలిచారు. ఆ అధికారి కాగితం చదివాడు, పటాలం దస్తరం తెప్పించాడు. పటాలంలో ఉండగా పోయినవాడు ఎట్లా పోయినా పటాలం మనిషేననీ, ఇరవైనాలుగో పేరు చెక్కించాలనీ కమిటీకి ఉత్తరం రాశాడు. గురువారం బురుజు తెరిచేటప్పుడు కలెక్టరుగారితో పాటు తనూ వచ్చి పేర్లు స్వయంగా చదువుతానని కూడా రాశాడు.

ఆ ఉత్తరం పట్టుకుని వెంకటకృష్ణయ్య సోమవారం పొద్దున్నే గుట్ట ఎక్కాడు. ఎండ పొద్దెక్కకముందే చురుక్కుమంటున్నది. ఆయన గొడుగు వేసుకుని రొప్పుతూ వచ్చాడు. పది అడుగుల వెనక కృపమ్మ. ఆమె వచ్చి సున్నం కుప్ప పక్కన నిలబడింది.

"చూడ్రా నీ కోడలు ఘనకార్యం. మిలిటరీ దొర కాళ్ళ మీద పడి ఉత్తరం తెచ్చింది," అన్నాడు వెంకటకృష్ణయ్య.

"కాళ్ళ మీద పళ్ళేదు. కాయితం చూపించా," అంది కృపమ్మ.

ఆయన ఆమె వైపు చూడలేదు. గొడుగు మడిచి దాని మొనతో తూర్పు పలక అడుగు చూపించాడు. పూలచెండు కోసం వదిలిన జాగాలో చెక్కమన్నాడు. తక్కిన మూడు పలకల మీదా వేలు పెట్టే చోటు లేదు. "సుబ్బారావు పేరుకు ఎంత కిందుంటే అంత మంచిది," అని కూడా అన్నాడు.

నెహెమ్యా ఉలి తీసుకోలేదు. పలక వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రాయి మీద వద్దయ్యా," అన్నాడు.

"మరి సుబ్బారావు నెత్తిన చెక్కుతావా?"

"వేరే పలక తెస్తా. ఏడు పేర్లూ మళ్ళీ చెక్కుతా, రాత్రింబగళ్ళు కూర్చుంటా. కూలి వద్దు."

వెంకటకృష్ణయ్య కళ్ళు చికిలించాడు. కూలి వద్దనే మనిషిని ఆయన బజారులో ఎన్నడూ చూడలేదు. ఏందిరా సంగతని అడిగాడు. ఇసక జల్లెడ పడుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు.

"అది గుల్ల రాయి. లోపల చార ఉంది. ఏడేళ్ళు నిలవదు," అన్నాడు నెహెమ్యా. కొంచెం ఆగి, "తెలిసే తెచ్చా," అన్నాడు.

వెంకటకృష్ణయ్య గొడుగు మొనతో తూర్పు పలకను కొట్టాడు. మొద్దుగా పలికింది. నాలుగడుగులు నడిచి ఉత్తరం పలకను కొట్టాడు. అదీ మొద్దుగానే పలికింది. వెనక సున్నం పోసి గోడకు బిగించాక ఏ రాయీ ఖంగుమనదు. అందులోంచి గుల్లను విడదీసి వినాలంటే రాళ్ళ మధ్య ముసలైన చెవి కావాలి. ఆయన నవ్వాడు.

"రెండూ ఒకటేగా. నాకు తెలవదనుకున్నావా నీ ఎత్తు? సుబ్బారావు పేరున్న రాయి పీకించాల, నీ కొడుక్కి కొత్త రాయి వెయ్యాల, అదేగా. ఇంత కడుపులో పెట్టుకుని నా దగ్గర పనిచేశావురా నువ్వు," అన్నాడు. చెప్పు తీసి నెహెమ్యా ఛాతీ మీదికి విసిరాడు. అది తగిలి ఉలుల సంచి మీద పడింది. ఎవరూ కదల్లేదు. నెహెమ్యా వంగి చెప్పు తీసి ఆయన కాలి ముందు పెట్టాడు.

"సాయంత్రానికి పేరు పడాల. లేదా మాచర్ల నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తా. వాడు టైముకి రాలేదని, అందుకే పేరు పడలేదని దొరకి నేనే చెప్పుకుంటా. గురువారం దాటాక ఆ దొర మళ్ళీ ఈ గుట్ట ఎక్కడు," అని చెప్పి వెంకటకృష్ణయ్య దిగిపోయాడు.

కృపమ్మ పలక దగ్గరికి వచ్చింది. చాలాసేపు దాన్ని చూసింది. ఆమెకు చదువు రాదు.

"నిజమేనా మామా?"

"నిజం."

"ఆయన పేరు లేదనేగా తెచ్చావు."

"ఆఁ."

"నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది? గుంటూరు అప్పుడే పోయేదాన్ని గదా."

ఆమె పమిట చెంగు నడుముకు దోపుకుని అతని సంచిలోంచి ఉలి తీసింది. అతని చేతికివ్వలేదు. నేల మీద, అతని కాళ్ళ ముందు వేసింది.

"చెక్కు."

"ఊడిపోద్దమ్మా."

"ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. చెక్కినాక నేను మా అమ్మగారి ఊరికి పోతా. నీ కుండలో నీళ్ళు ముట్టను."

నెహెమ్యా నేల మీద పక్కకు వాలి కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. పేరు పడాల్సిన జాగా అంత అడుగున ఉంది. కృపమ్మ నిలబడే ఉంది. సిపాయి అని చెక్కాడు, తాళ్ళూరి అని చెక్కాడు. ఇశ్రాయేలు దగ్గర చెయ్యి ఆగింది. పైనున్న చార ఇక్కడిదాకా దిగలేదని చెవికి తెలుస్తూనే ఉంది. ఇక్కడ రాయి ఇంకా గట్టిది. అప్పుడొక ఆలోచన వచ్చింది. లేచి నిలబడి పై అంచు మీద సుత్తి పెట్టి ఒక్క దెబ్బ గట్టిగా వేస్తే పొర ఇప్పుడే లేస్తుంది. సుబ్బారావు పేరు ఇసకలో పడుతుంది. తన మాట నిజమని గుట్ట మీద ఉన్నవాళ్ళందరూ చూస్తారు. వెంకటకృష్ణయ్య కూడా చూస్తాడు.

ఆ తరువాత ఏమవుతుందో కూడా కనపడింది. మాచర్ల నుంచి ఎవరో వస్తాడు. కొత్త పలక మీద ఏడు పేర్లే పడతాయి. గురువారం దాటిపోతుంది.

నెహెమ్యా సుత్తి పక్కన పెట్టాడు. దెబ్బ అదురుకు పై పొర లేవకుండా, ఉలి తలను అరచేత్తో నెడుతూ, గీరుతూ ఆ నాలుగు అక్షరాలూ చెక్కాడు. శ్రా కింది వంపు దగ్గర అరచెయ్యి చీరుకుపోయింది. పొద్దు వాలేసరికి పేరు పడింది. కృపమ్మ వంగి వేలు పెట్టింది.

"ఎక్కణ్ణించి ఎక్కడిదాకా?"

అతను ఆమె వేలు పట్టుకోకుండా, తన ఉలితో మొదలూ చివరా చూపించాడు. ఆమె ఆ మొదలు నుంచి ఆ చివరిదాకా ఒకసారి తడిమి, గుట్ట దిగి వెళ్ళింది.

గురువారం కలెక్టరుగారు వచ్చారు. గుట్ట కింద కాంగ్రెసు కుర్రాళ్ళు నల్ల జెండాలు పట్టుకుని తెల్లవాడి బురుజు మాకొద్దని కేకలు పెట్టారు. పాలెం జనాన్ని తాడు కట్టి అవతల నిలబెట్టారు. మిలిటరీ అధికారి నాలుగు వైపులా తిరిగి ఇరవైనాలుగు పేర్లూ చదివాడు. చివరి పేరు చదవడానికి ఆయన మోకాళ్ళ మీద వంగాల్సి వచ్చింది. తాడు అవతల కృపమ్మ మూట చంకన పెట్టుకుని విన్నది. బాకా ఊదకముందే అమ్మగారి ఊరు నూజెండ్ల దారి పట్టింది.

నెహెమ్యాకు ఆ తరువాత గురజాలలో అక్షరం పని ఎవరూ ఇవ్వలేదు. తెలిసి చెడ్డ రాయి పెట్టానని నోటితో ఒప్పుకున్నవాడికి పని ఎవరిస్తారు. జిలానీ క్వారీలో కంకర కొట్టుకోనిచ్చాడు. ఆగస్టులో స్వరాజ్యం వచ్చింది. కుర్రాళ్ళు గుట్ట ఎక్కి పడమటి పలక మీది ఇంగ్లీషుకు తారు పూశారు. వెంకటకృష్ణయ్య ఖద్దరు టోపీ పెట్టుకుని బజారులో మిఠాయి పంచాడు. బురుజు ఊసు ఆయన ఎత్తడం మానేశాడు. ఆ ఏడు నుంచి గుట్ట ఎక్కేది మేకలే.

మేకలతో పాటు ఏడాదికోసారి నెహెమ్యా ఎక్కేవాడు. రోహిణీ కార్తెలో, మిట్ట మధ్యాహ్నం, రాళ్ళ మీద కాలు పెట్టలేనప్పుడు. ఆ వేళలో ఎవరూ చూడరు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి ముంతలో పోసుకుని పోయేవాడు. తను వదిలేసిన వేలెడు సందును తనే మూసేవాడు. వానాకాలం అది మళ్ళీ పగిలేది. మరుసటి ఏడు మళ్ళీ మూసేవాడు. అయినా పాలెంలో తెలిసిపోయింది. శెట్టి బురుజుకు పూజారి వచ్చాడని వెనక నుంచి అనేవాళ్ళు. అతను విన్నట్టే ఉండేవాడు కాదు.

నలభై తొమ్మిదిలో అతను ముంత పట్టుకుని ఎక్కేసరికి పలక ముందు కృపమ్మ కూర్చుని ఉంది. రెండేళ్ళలో ముఖం ఎండిపోయింది. మొగుడి పేరు ఉందో ఊడిందో చూడ్డానికి నూజెండ్ల నుంచి వచ్చానని చెప్పింది. అతని బాగోగులు అడగలేదు. చేతిలో గులకరాయితో పలకను కొట్టి చూస్తున్నది. ఆమెకు తేడా తెలియడం లేదు.

"ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగింది.

నెహెమ్యా ముంత దించి పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. "రెండు పేర్లదాకా పాకింది. సుబ్బారావుదీ, దాని కిందదీ. మిగతాది గట్టిగుంది."

"ఆయనది?"

"అది అందరికన్నా అడుగున. పొర లేచినా అక్కడిదాకా వస్తదో రాదో."

కృపమ్మ నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "అయితే శెట్టి మేలే చేశాడు. అడుగున తోయించి," అంది. ముంత వైపు చూసింది. "మరి ఆ సున్నం ఎవరికి? పైనోడి పేరు పోతే పోనియ్. నువ్వు కోరుకుంది అదేగా."

నెహెమ్యా తల ఎత్తి పై అంచు చూశాడు. పోయినేడు పూసిన సున్నం నెర్రెలిచ్చింది. కింద సుబ్బారావు పేరులో తను చెక్కిన రా గుండ్రం ఇంకా నిండుగానే ఉంది. అది తన చేతి పనిలో అన్నిటికన్నా మంచిది.

"ఆ పిల్లోడు నన్నేమన్నాడు," అన్నాడు.

అతను రెండు రాళ్ళు దొర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చి ఎక్కాడు. చెయ్యి అంచుకు అందింది గానీ ముంత కింద ఉండిపోయింది. మళ్ళీ దిగబోయాడు. కృపమ్మ లేచింది. అతని వైపు చూడకుండా, ముఖం బాట వైపు తిప్పుకుని, ముంత రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుంది.

"కానియ్. ఎండ మాడుస్తంది," అంది.